పద్నాలుగు పళ్ళ పౌరుషం

ఎల్‌బీ నగర్‌లోని మా ఇంటిని అపార్ట్‌మెంట్ కట్టడానికి ఇచ్చేశాక, సామాన్లు తీసుకోవడానికి బిల్డరు దయతలచి కొంచెం గడువిచ్చాడు. ఆ గడువులో అటకెక్కడానికి నేను పడిన పాట్లు ఏ పర్వతారోహకుడూ పడి ఉండడు. నా పొట్ట ముందు చేరుకుంది, నేను ఆనక చేరుకున్నాను. అక్కడ చిల్లుపడిన ఇత్తడి కాగు వెనకాల గ్రీజు కాగితంలో చుట్టిన ఒక బరువైన బిళ్ళ దొరికింది. విప్పితే ఫ్రీవీలు. సైకిలు వెనక చక్రం ఇరుసు పక్కన ఉండి, గొలుసు లాగితే చక్రాన్ని తిప్పే చిన్న పళ్ళ చక్రం. ఒక్క పన్నయినా అరగలేదు. దానికి ఎన్ని పళ్ళో నాకు బాగా తెలుసు, అయినా లెక్కపెట్టాను. ఇరవై రెండు. కింద నిచ్చెన పట్టుకున్న నా భార్య "ఏం దొరికిందండీ, బంగారమా?" అంది ఆశగా. "మా నాన్న వాదన" అన్నాను. ఆవిడ నిచ్చెన వదిలేసి వెళ్ళిపోయింది. దిగడానికి దారిలేక, దుమ్ములో కూర్చుని ఆ రోజులన్నీ తలుచుకోవడం తప్ప నాకు వేరే పని లేకపోయింది.

అప్పట్లో మేం దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు గదుల పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. ఊరు తూర్పు దిక్కుకి పరుగెడుతున్న కాలం. నిన్నటి కంది చేలో ఇవాళ సున్నపు గీతలు, రేపు పునాది గుంటలు. ఎవరింటికెళ్ళినా మంచినీళ్ళ గ్లాసు కంటే ముందు ప్లాటు నక్షా చేతికొచ్చేది. వీధంతా తడి సిమెంటు వాసన, కొత్త ఇటుక వాసన, ఆ మధ్యలో ఎవరింట్లోనో వేగుతున్న వడియాల వాసన. గుంటూరు వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే పాతుకుపోయిన మా నాన్న ఒక సర్కారు ఆఫీసులో లెక్కలు రాసేవాడు. లోకంలో త్రైరాశికానికి లొంగనిది ఏదీ లేదని ఆయన నమ్మకం. పప్పులో ఉప్పెక్కువైతే ఇంకెంత పప్పు కలిపితే సరిపోతుందో వేళ్ళ మీద లెక్కకట్టేవాడు. లెక్క తేలేలోగా పప్పు చల్లారిపోయేది. అమ్మకి లెక్కలు అక్కర్లేదు. ఆవిడకి కావలసింది, ఇంకొకరు కట్టెయ్యలేని నల్లా. మా ఇంటి ఓనరమ్మ రోజూ నల్లా దగ్గర నడుం మీద చెయ్యేసుకుని నిలబడి, "ఎన్ని బిందెలు పడ్తవమ్మా? గంగమ్మను మీ ఇంట్లనే కట్టేసుకుంటవా ఏంది?" అనేది. అమ్మ సగం నిండిన బిందె ఎత్తుకుని లోపలికొచ్చి, "ఆ ఇల్లెప్పటికవుతుందండీ?" అని నాన్నని అడిగేది. ప్రతిరోజూ అదే బిందె, అదే ప్రశ్న.

ఆ ఇల్లు ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటి, వనస్థలిపురం వైపు వెళ్ళే మిట్ట మీద లేస్తోంది. నడి వేసవిలో స్లాబు పోశారు. స్లాబు పోశాక దానికి నీళ్ళు తాగించాలి. పైన మట్టితో చిన్నచిన్న గట్లు కట్టి, వాటిలో నీళ్ళు నిలబెట్టి, ఎండకి ఆరిపోకుండా పొద్దునా సాయంత్రం నింపుతూ ఉండాలి. ఆరిందంటే పగులు, పగిలిందంటే ఉరుపు, ఉరిసిందంటే మళ్ళీ పని. అంటే ఓనరమ్మతో మరో ఏడాది. ఇంట్లో ఖాళీగా ఉన్నది నేనొక్కణ్ణే. ఇంటర్‌లో లెక్కలు తప్పి సప్లిమెంటరీకి చదువుతున్నానని ఇంట్లోవాళ్ళు భ్రమపడుతున్న రోజులవి. త్రైరాశికం మహారాజుకి లెక్కలు తప్పిన కొడుకు పుట్టడం గురించి మా చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటారు. కాబట్టి స్లాబుకి నీళ్ళు పెట్టే బాధ్యత నా మీద పడింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి రోజుకి రెండుసార్లు, నా సైకిలు మీద.

సైకిలంటే మామూలు సైకిలు కాదు. సైదాబాద్‌లో ఒకాయన వదిలించుకున్న సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ సైకిలు. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, దానికి ఎర్ర టేపు. మడ్‌గార్డు లేదు, క్యారియర్ లేదు, గంట లేదు, బ్రేకులున్నాయో లేదో వాటికే అనుమానం. దాని మీద వంగి కూర్చుంటే నేను గాలిని చీల్చుకుపోయే వీరుణ్ణని నాకు అనిపించేది. కడుపునొప్పితో ఎక్కడికో పోతున్నానని చూసేవాళ్ళకి అనిపించేది. ఆ సైకిలుకి ఒక్క లోపం ఉందని నేనే కనిపెట్టాను. వెనక ఫ్రీవీలు పాలు పోసేవాళ్ళ సైకిలుకి ఉండే రకమే. రేసు సైకిలుకి పాల సైకిలు పళ్ళా?

వీధి చివర సైకిల్ షాపు మొయిన్ భాయ్‌ని సంప్రదించాను. సంప్రదించానంటే, బీడీ కాలుస్తున్న మనిషి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"భాయ్, రేసు సైకిలుకి వెనక ఎన్ని పళ్ళుండాలె?"

"ఎంత తక్కువుంటే అంత తేజ్ పోతది." డబ్బాలో చెయ్యిపెట్టి రూపాయి బిళ్ళకి అన్నయ్యలా ఉన్న ఫ్రీవీలు ఒకటి తీశాడు. "పద్నాలుగు. ఆఖరి పీసు. నీకోసమే దాచిన."

అది నిజంగానే ఆఖరిది. ఎందుకంటే మొదటిదీ అదే. మొయిన్ భాయ్ షాపు పెట్టిన దగ్గర్నుంచీ దాన్ని అడిగిన మనిషి నేనే మొదలని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ సాయంత్రం మా ఇంట్లో జరిగినంత చర్చ అసెంబ్లీలో కూడా జరగదు. నాన్న చొక్కా విప్పి, బనీనుతో పీటమీద కూర్చుని వేళ్ళు మడిచాడు.

"ముందు నలభై ఎనిమిది పళ్ళు, వెనక పద్నాలుగు. అంటే నువ్వొక్కసారి పెడలు తిప్పితే వెనక చక్రం దాదాపు మూడున్నర చుట్లు తిరగాలి. ఎవరు తిప్పుతార్రా? నీ కాళ్ళా? పొద్దున్నే మంచం దిగడానికే రెండూ ఒకదాన్నొకటి బతిమాలుకుంటాయి."

"వేగం నాన్నా! వేగం!"

"వేగం పల్లంలో. మన స్థలం మిట్ట మీదుంది. మిట్టకి వెనక పళ్ళు ఎక్కువుండాలి. ఇరవై రెండు పెట్టించు. నిదానంగా పోతుంది, కానీ పోతుంది."

"ఇరవై రెండు రిక్షాలకి పెడతారు."

"రిక్షా మిట్టెక్కట్లేదా మరి?"

జవాబు లేనప్పుడు గొంతు పెంచడం మా వంశాచారం కాబట్టి పెంచాను. నాన్నా పెంచాడు. గోడవతల ఓనరమ్మ నల్లా పని మానేసి వింటోంది. చాటలో బియ్యం ఏరుతున్న అమ్మ తలెత్తకుండానే, "మీరు ఇరవై రెండంటున్నారు, వాడు పద్నాలుగంటున్నాడు. రెండూ కలిపి సగం చెయ్యండి" అంది. నాన్న వేళ్ళు కదిలాయి. "పద్ధెనిమిది." నేను వరండాలోకి పరుగెత్తి సైకిలు వెనక చక్రం పళ్ళు లెక్కపెట్టాను. పద్ధెనిమిది. ఉన్నవే. తిరిగొచ్చి ఆ మాట చెప్పాను. "అంటే సైకిలుకి రోగం లేదన్నమాట" అంది అమ్మ.

మా నాన్నా నేనూ జీవితంలో ఒకే మాట మీద నిలబడ్డది అప్పుడే. ఉన్నదాన్నే ఉంచుకోవడానికైతే ఇంత చర్చ దేనికని ఇద్దరం కలిసికట్టుగా అమ్మ తీర్పుని కొట్టిపారేశాం. మర్నాడు నాన్న ఆఫీసు నుంచి వస్తూ కోఠీలో ఇరవై రెండు పళ్ళది కొనుక్కొచ్చాడు. ఆపాటికే నేను పద్నాలుగుది బిగించేసుకున్నాను. చిన్న పళ్ళకి గొలుసు వదులవుతుందని మొయిన్ భాయ్ రెండు లింకులు కూడా తీసేశాడు. అంటే ఇక పెద్దది పట్టదు. తిరుగుదారి తెగిపోయింది. నాన్న సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి, "తొక్కేది నువ్వు, నీ ఇష్టం. స్లాబు పగిలితే మాత్రం అది నీ పద్నాలుగు పళ్ళు కొరికిన కొరుకే" అన్నాడు. చిన్నప్పట్నుంచీ ఆయన నన్ను కొట్టిందిలేదు. ఇలాంటి మాటలు చేతిలో ఉండగా కొట్టాల్సిన అవసరమేముంది?

మొదటి రోజు చైతన్యపురి దాకా నేను సైకిలు తొక్కలేదు, సైకిలే నన్ను ఎగరేసుకుపోయింది. ఆపైన కొత్తపేట వచ్చింది. చూడ్డానికి అక్కడ మిట్ట ఉన్నట్టే ఉండదు. రోడ్డు మర్యాదగా, చాపలా పరిచి ఉంటుంది. ఆ మర్యాదంతా పైపైనే. పండ్ల మార్కెట్ దగ్గర మామిడికాయల లారీలు, గడ్డి, మగ్గిన పళ్ళ వాసన, ఈగలు. వాటి మధ్యలో నా పెడలు ఆగిపోయింది. సీటు మీంచి లేచి నిలబడ్డాను. ఎగిరి తొక్కాను. నా బరువంతా ఒక కాలి మీద వేస్తే ఆ కాలు నా వైపు జాలిగా చూసింది. పక్కనుంచి తోపుడుబండి దాటిపోయింది. ఒక మేక దాటిపోయింది. అది మధ్యలో ఆగి గడ్డి తిని మరీ దాటిపోయింది. సిటీ బస్సు ఫుట్‌బోర్డు మీంచి ఒకడు, "ఏం తమ్మీ, బండి నిన్ను నడిపిస్తున్నదా?" అని అరిచాడు. దిగి, గొలుసు పరీక్షిస్తున్నట్టు నటించాను. ఆ మిట్ట మీద నేను గొలుసు పరీక్షించినన్ని సార్లు దాన్ని తయారుచేసినవాడు కూడా పరీక్షించి ఉండడు. స్థలం చేరేసరికి నా చొక్కా పిండితే స్లాబుకి ఒక పూట సరిపోయేది.

నీళ్ళు పెట్టి, గోడ నీడలో వెల్లకిలా పడుకుని ఆలోచించాను. ఇంటికెళ్ళడం సులువు, అంతా పల్లమే. కానీ ఇంటికెళితే సాయంత్రం మళ్ళీ రావాలి. అంటే ఆ మిట్ట మళ్ళీ ఎక్కాలి. పొద్దున్నించి సాయంత్రం దాకా ఇక్కడే ఉండిపోతే? ఒక్క ఎక్కుడుతో రెండు పూటలూ గడిచిపోతాయి. లెక్కలు తప్పిన బుర్రకి తట్టిన మొదటి లెక్క ఇదే. మర్నాటి నుంచి "ప్రశాంతంగా అక్కడే చదువుకుంటా" అని అమ్మ చేత పెరుగన్నం, మాగాయ కట్టించుకుని బయల్దేరేవాణ్ణి. రాత్రి భోజనాల దగ్గర నాన్న ఆ ఇరవై రెండు పళ్ళ పొట్లాన్ని పచ్చడి జాడీ పక్కన పెట్టుకుని, "ఎక్కిందా?" అనేవాడు. "ఎక్కింది" అనేవాణ్ణి. ఎన్నిసార్లని ఆయన అడగలేదు. పొట్లం మాత్రం రోజూ వడ్డనకి వచ్చేది.

స్థలం దగ్గర నాకు తోడు నర్సిరెడ్డి పటేలు. ఆ కాలనీ అంతా ఒకప్పుడు ఆయన చెలకే, అంటే మెట్ట చేను. ప్లాట్లు చేసి అమ్మేశాడు. కొడుకులు స్కూటర్లు కొన్నారు, వ్యాపారాల్లోకి దిగారు. ఆయన మాత్రం రోజూ గొడుగేసుకుని వచ్చి, ఎవరో ఒకరి ఇసుక కుప్ప మీద కూర్చుని, తన చెలకలో మొలుస్తున్న ఇళ్ళకేసి చూస్తూ ఉండేవాడు. ఆయన పాత బావి ఇంకా పూడ్చలేదు. దాని మోటారు నీళ్ళే చుట్టుపక్కల స్లాబులన్నిటికీ దిక్కు. నేను పొద్దస్తమానం అక్కడే ఉండటం చూసి ఒకరోజు నిచ్చెనెక్కి పైకొచ్చాడు. మట్టిగట్లు, వాటిలో నిలిచిన నీళ్ళు, నీళ్ళలో ఆకాశం. అలా చూస్తూ ఉండిపోయాడు.

"ఓర్నీ! మా తాతల నాటి సంది గీ చెలకల వడ్లు పండియ్యలేకపోతిమి. మీరు వచ్చి నెత్తి మీదనే మడి కట్టిన్రు గదరా! నాటెప్పుడేస్తరు?"

"మీరొస్తే రేపే వేద్దాం పటేలా."

అంతే, ఆ స్లాబు ఆయన వ్యవసాయమైపోయింది. కింద ఇసుక కుప్ప మీంచి కదిలేవాడు కాదు, కేకలు మాత్రం పైకి పంపేవాడు. "పోరగా, అగో నీళ్ళు కారుతున్నయ్, గండి పడ్డది! నిద్రవోతున్నవా? మట్టెయ్, తొక్కు!" నిద్రలోంచి లేచి తొక్కేవాణ్ణి. "గా మూలకు అంచు ఎండుతున్నది, కనవడ్తలేదా? సదువుకున్న కండ్లు ఏం కండ్లురా అవి!" వెళ్ళి తడిపేవాణ్ణి. పైగా ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడొస్తుందో కరెంటుకే తెలియదు. మంచి సైకిళ్ళున్న పక్క ప్లాట్లవాళ్ళు ఠంచనుగా పొద్దునా సాయంత్రం వచ్చేవాళ్ళు. మోటారు నడవక, చేతులు నలుపుకుని వెళ్ళిపోయేవాళ్ళు. కరెంటు ఎండ నెత్తి మీదుండగా వచ్చేది. అప్పుడక్కడ ఉండేది నేనే. మోటారు గుర్రుమనగానే ముందు మా మడి నింపి, ఆ తర్వాత ఏమీ తోచక ఇంకా నింపి, పటేలు తిడితే మరికాస్త నింపేవాణ్ణి. నా లెక్కల పుస్తకం అట్ట మాత్రం తడిసింది. లోపల పేజీలు పొడిగానే ఉన్నాయి, వాటి జోలికి ఎవరూ పోలేదు.

ఇలా నడుస్తుండగా ఒక మధ్యాహ్నం నాన్న పర్మిషన్ పెట్టి బస్సెక్కి వచ్చేశాడు. మిట్ట మీద నాకూ సైకిలుకీ ఉన్న సంబంధం గురించి ఎవరో ఆఫీసులో ఊదారట. ఎండిపోయిన స్లాబు, దాని మీద ఒక పగులు, ఆ పగులులో తన వాదన నెగ్గడం, అన్నీ కళ్ళముందు పెట్టుకుని వచ్చి ఉంటాడు. నిచ్చెన మీద ముందు గొడుగు కనిపించింది, ఆనక బట్టతల, ఆనక కళ్ళద్దాలు. నేను నెత్తిమీద తడి గోనెపట్టా వేసుకుని, మోకాళ్ళ దాకా ప్యాంటు మడిచి, గండి పూడుస్తున్నాను. నాన్న బూట్లు విప్పి, ప్యాంటు మడిచి నీళ్ళలో దిగాడు. మూల మూలకీ నడిచాడు. ఒక్కచోట వంగి చేత్తో తడిమి చూశాడు. ఆయన మొహంలో ఏముందో నాకు అర్థం కాలేదు, భయమేసింది.

"ఎప్పట్నుంచున్నావు ఇక్కడ?"

"పొద్దున్నించి."

"రోజూనా?"

"రోజూనే."

"ఎందుకు?"

మనిషికి గొప్పవాడయ్యే అవకాశాలు అరుదుగా వస్తాయి. నేను గోనెపట్టా సర్దుకుని, గొంతు తగ్గించి, "బాధ్యత నాన్నా" అన్నాను.

కింద ఇసుక కుప్ప పగలబడి నవ్వింది. "ఏం బాధ్యత సారూ! గీ పోరనికి సైకిల్ మిట్టెక్కుతలేదు. పొద్దుగాల్ల ఒక్కపారి ఎక్కెతందుకే పానం పోతుంది. పోతే మళ్ళ రావాలె గదా అని ఈడ్నే పడుంటుండు. నన్నడుగున్రి, రోజు జూస్తున్న!"

నాన్న నన్ను చూశాడు. స్లాబుని చూశాడు. పక్క ప్లాటు స్లాబుని చూశాడు. అది ఎండకి తెల్లగా పాలిపోయి ఉంది. మళ్ళీ మా నీళ్ళకేసి చూశాడు. ఆయన వేళ్ళు ఒకసారి మడుచుకోబోయి, దేన్ని దేంతో హెచ్చవేయాలో తెలియక ఆగిపోయాయి. మా నాన్న లెక్క వదిలేసిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

సాయంత్రం దాకా ఆయనా అక్కడే కూర్చున్నాడు. పటేలు బీడీ ఇస్తే వద్దనకుండా తీసుకున్నాడు. బయల్దేరేటప్పుడు, "ఏదీ, నేను తొక్కుతా, నువ్వు ముందు కూర్చో" అన్నాడు. పద్ధెనిమిదేళ్ళ గాడిద సైకిలు కడ్డీ మీద పక్కకి కూర్చుంటే ఎలా ఉంటుందో మీ ఊహకే వదిలేస్తున్నాను. మొదట రెండు మూడు తొక్కులకి నాన్న మూలిగాడు. చౌరస్తా దాటి రోడ్డు కిందికి వాలేసరికి ఆ పద్నాలుగు పళ్ళూ నిద్రలేచాయి. పండ్ల మార్కెట్ ఒక వాసనలా వచ్చి వెళ్ళిపోయింది. స్టాపులో ఆగిన సిటీ బస్సుని దాటేశాం. ఫుట్‌బోర్డు మీద ఉన్నవాళ్ళందరికీ చెయ్యూపాను. నా చెవి పక్కన నాన్న ఏదో గొణుగుతున్నాడు. వింటే, "మూడున్నర... మూడున్నర..." పెడలు తిప్పినప్పుడల్లా అదే. ఆ గొంతు నేనెప్పుడూ విన్న గొంతు కాదు. నాకంటే చిన్నవాడెవడో వెనక కూర్చుని తొక్కుతున్నట్టుంది. బ్రేకులు నామమాత్రమని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర ఆయన బూట్లు, నా చెప్పులు రోడ్డుకి రాసి మొత్తానికి ఆగాం. నాన్న కళ్ళద్దాలు సర్దుకుని, ఉన్న నాలుగు వెంట్రుకలూ దువ్వుకుని, "పల్లానికి పర్వాలేదు" అన్నాడు. ఆ రాత్రి పచ్చడి జాడీ పక్కన పొట్లం లేదు.

గృహప్రవేశమయ్యాక అమ్మ మొదటిరోజు నల్లా విప్పి, బిందె నిండి పొర్లిపోతున్నా కట్టకుండా నిలబడింది. ఎవరూ ఏమీ అనలేదు. తొలి వానకి నాన్న గిన్నెలు పట్టుకుని ఉరుపు కోసం గదిగదికీ తిరిగాడు. ఒక్క చుక్క కారలేదు. కొంచెం నిరుత్సాహపడ్డాడని నా అనుమానం. తర్వాత ఎన్ని వానలు కురిసినా ఆ విషయంలో నన్ను మెచ్చుకున్నదీ లేదు, ఇరవై రెండు గురించి ఎత్తిందీ లేదు.

ఇప్పుడు కొత్తపేట మిట్ట సంగతి ఎవరికీ తెలియదు. మెట్రో రైలు దాని నెత్తిమీంచి ఏసీలో జారిపోతుంది. మా వీధిలో కుర్రాళ్ళ సైకిళ్ళకి వెనక పళ్ళ చక్రాలు ఒకటి కాదు, దొంతర. మిట్టొస్తే వేలితో మీట నొక్కితే గొలుసు పెద్దదాని మీదికి దూకుతుంది, పల్లమొస్తే చిన్నదాని మీదికి. ఒకణ్ణి అడిగి నేనూ తొక్కి చూశాను. అద్భుతంగా ఉంది. ఎక్కడా దిగాల్సిన పనిలేదు, గొలుసు పరీక్షిస్తున్నట్టు నటించాల్సిన పనిలేదు, ఇంట్లో ఎవరితోనూ పోట్లాడాల్సిన పనిలేదు. ఒక్కదాన్నే ఎంచుకుని దాంతోనే చావాలన్న నియమం పోయింది. మంచిదే. నా మోకాళ్ళు మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాయి. నేను కూడా దాదాపుగా సమర్థిస్తున్నాను.

మొన్న ఇల్లు కూల్చే యంత్రం వచ్చింది. ప్రహరీ, పిట్టగోడలు బిస్కట్లలా విరిగాయి. స్లాబు దగ్గరికొచ్చేసరికి ఆగింది. గట్టిగా పొడిచింది, వెనక్కి తుళ్ళింది, మళ్ళీ పొడిచింది. చాలాసేపటికి ఆపరేటరు దిగి, మొహం తుడుచుకుంటూ వచ్చాడు. "ఏం స్లాబు సార్ ఇది! పక్కింటిది పొద్దుగాలనే అయిపోయె. దీన్ని పొడిస్తె నిప్పులు లేస్తున్నయ్ గని పగుల్తలేదు. నీళ్ళు ఎవరు పెట్టిన్రు దీనికి?" నా ఆనందానికి హద్దుల్లేవు. అతనికి టీ తెప్పించి, ముందు నలభై ఎనిమిది, వెనక పద్నాలుగు అని మొదలుపెట్టి, మేక దగ్గరికి వచ్చేసరికి అతను మర్యాదగా, "జర పక్కకు జరుగున్రి సార్, పెచ్చులెగుర్తయ్" అని వెళ్ళిపోయాడు. నా భార్య నా మొహంకేసి వింతగా చూసింది. "మన ఫ్లాట్లు ఆలస్యమవుతుంటే ఆ నవ్వేంటండీ?"

సాయంత్రానికి ఒక్క మూల పెచ్చు ఊడింది. సూపర్‌వైజరు నా దగ్గరికొచ్చి, ఈ మిషను చాలట్లేదు, రేపు పెద్దది తెస్తామని చేతులు కట్టుకుని క్షమాపణ చెప్పుకున్నాడు. తొందరేం లేదన్నాను. బిల్డరు ఒప్పందం మీద సంతకం పెట్టిన మనిషి అనకూడని మాట అది.